ఎనిమిది బల్లలు, ఒక పడుగు

ఆదోనిలో కవిత్వం వల్ల లాభపడిన ఏకైక మనిషి గురుప్రసాద్. పత్తి మిల్లులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. ఒక వార్షికోత్సవానికి మేనేజరు ఉదయ్ కోసం స్వాగత ప్రసంగం రాస్తూ, అందులో "పత్తి గింజ తన నిద్రలో తెల్లటి మబ్బును కలగంటుంది" అని ఒక వాక్యం దూర్చాడు. యజమానికి అది నచ్చింది. మరుసటి నెలలోనే మిల్లు తరఫున 'సామాజిక బాధ్యత' పేరిట జనానికి మేలు చేసే పనులన్నీ గురుప్రసాద్ చూడాలని తేలింది. జీతం పెరగలేదు గానీ కుర్చీ ఫ్యాను కిందికి వచ్చింది. ఆ గాలికి అతనిలోని కవి ఇంకాస్త ఉబ్బాడు.

మొదటి పని, ఆ సేవల గురించి ఒక రిపోర్టు పుస్తకం. అందులో మొదటి పేజీకి "మా సంస్థ సమాజానికి ఎందుకు సేవ చేస్తుంది" అని శీర్షిక పెట్టి, కింద ఏం రాయాలో తెలియక మూడు రోజులు కిటికీలోంచి ఆకాశం చూశాడు. నాలుగో రోజు వెళ్లి ఉదయ్‌నే అడిగాడు.

"సార్, మనం ఇదంతా ఎందుకు చేస్తాండాం?"

"రాసేదానికి అడుగుతాండావా, తెలుసుకునేదానికా?"

"రెండిటికీ సార్."

ఉదయ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లాభం ఒక గీత దాటితే కొంత జనానికి ఖర్చుపెట్టాలని చట్టం. అది ఒకటి. మన దూది దుమ్ము వెనక వీధి ఇండ్లల్లో పడుతుంది. రేపు వాళ్లు రోడ్డెక్కితే, 'పోనీలేప్పా, మంచోళ్లే' అనేటోళ్లు నలుగురుండాల. అది రెండు. మన సరుకు కొనే పెద్ద కంపెనీలు ఈ మధ్య ఇది కూడా అడుగుతాండాయి. మూడు. ఇంక మనసులో ఏమన్నా మిగిలుంటే అది నాలుగు. నువ్వు నాలుగోదే రాయి."

ఏం చేయాలన్న ప్రశ్నకు కూడా ఉదయ్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ఎమ్మిగనూరు నేతగాళ్లకు ఏమన్నా చెయ్యి. ఫోటోలో మగ్గం బాగుంటుంది. మన మూటలు బాగుండవు."

గురుప్రసాద్ పుట్టింది ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలోనే. అతని ఐదో ఏట తండ్రి గిడ్డయ్య మగ్గం అమ్ముకుని, ఇదే మిల్లులో మూటలు మోయడానికి ఆదోని వచ్చాడు. ఆ వీధిలో అతనికి ఇప్పటికీ మేనత్త భీమక్క ఉంది. ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కానీ సొంత వీధి గురించి ఒకరిని అడగడమేమిటి అనుకున్నాడు. కళ్లు మూసుకుంటే చాలు, వీధి కనిపిస్తుంది, నేసి నేసి అలసిన మనుషులు కనిపిస్తారు. ఆ అలసటకు అతను ఎనిమిది సిమెంటు బల్లలు రాసిచ్చాడు. వీధి మధ్యలో ఒకటి ఇటు, ఒకటి అటు, ఏరు మెలికలు తిరిగినట్టు ఉండాలని బొమ్మ గీసి పంపాడు. ఒక్కో బల్ల వీపు మీద ఎర్ర రంగుతో మిల్లు పేరు, దాని కింద అతని వాక్యం: "అలసిన చేతులకు ఒక చల్లని నీడ."

నీడ ఎక్కడుందని బల్లలు పోసిన మేస్త్రీ అడిగాడు. కవిత్వంలో ఉందని గురుప్రసాద్ చెప్పాడు.

ప్రారంభోత్సవం నాడు యజమాని పదింటికి వస్తాడు. గురుప్రసాద్ మొదటి బస్సుకే బయలుదేరి, రిబ్బను, కత్తెర ఉన్న సంచితో ఆరింటికి ఎమ్మిగనూరులో దిగాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ నలగకుండా దారి పొడవునా నిలబడే వచ్చాడు. వీధి మలుపు తిరిగేసరికి మేనత్త భీమక్క, పక్కింటి ఎల్లప్ప, ఇంకో నలుగురు కనిపించారు. భుజాల మీద వెదురు గెడలు, నేల మీద గంజి బాన, ఎల్లప్ప చేతుల్లో పసిబిడ్డలా చుట్టిన ఎర్రటి నూలు.

"మనోళ్లు మేళతాళాలతో వచ్చినారే అనుకున్నా అత్తా," అన్నాడు మురిసిపోతూ.

"నీ పాసుగూల, వచ్చినావా. ఈ బల్లలు ఎవురు పెట్టిచ్చినారు?"

"మిల్లోళ్లు. ఆలోచన నాదే."

"అట్లనా." భీమక్క అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. "పొద్దు పొడిసినకాడ్నుంచి మాపటిదాకా మేం సేసేది ఏం పనిరా?"

"నేత."

"కూసోని సేసే పనా, నిలబడి సేసే పనా?"

మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని పన్నెండు గంటలు కూర్చునేవాళ్లకు గురుప్రసాద్ కూర్చోవడానికి బల్లలు తెచ్చాడు.

"నడుం లేసి నిలబడేది పడుగు సాపే పొద్దే," అన్నాడు ఎల్లప్ప. "ఆ సోటు గూడా కూసుండే దానికి ఇచ్చినావు. మంచి అల్లుడువప్పా."

అప్పుడు గుర్తొచ్చింది. గాలి లేవకముందు, ఎండ ముదరకముందు, పడుగు నూలును వీధి పొడవునా గెడల మీద సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. చిన్నప్పుడు ఆ ఎర్ర నూలు కిందుగా వంగి పరిగెత్తేవాడు. పడుగు తిన్నగా పోతుంది, ఏరులా మెలికలు తిరగదు. బల్లలు ఒక పక్కగా పెట్టి ఉన్నా దారి దొరికేది.

"పదిన్నరకు అయిపోతుంది అత్తా. రిబ్బను కత్తిరిచ్చి, ఒక ఫోటో..."

"పదిన్నరకు ఎండకు గంజి పెళుసైతాది, పోగులు తెగుతాయి. రేపటికి గంజి పులుస్తాది. ఈ పడుగు పోతే నా మగ్గమూ ఖాళీ, ఎల్లప్ప మగ్గమూ ఖాళీ. అప్పుడు నిజంగానే నీ బల్ల మీద కూసుంటాంలే." ఆమె గొంతు పెంచలేదు. "పాతి రెండు దినాలేగా. కింద ఇంకా పచ్చిగా ఉంది. గడ్డపార ఎల్లప్ప ఇంట్లో ఉంది."

ఫ్యాను కింది కుర్చీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. గురుప్రసాద్ తెల్ల చొక్కా విప్పి, మడిచి, రిబ్బను సంచిలో పెట్టాడు. మొదటి బల్ల పెళ్లగించేటప్పుడు గడ్డపార జారి తన వాక్యం మీదే పడింది. "చల్లని" ఊడిపోయింది.

పదింటికి కారు వీధి మొదట్లో ఆగింది. లోపలికి రావడానికి దారి లేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి ఎర్రటి పడుగు, ఎవరో నడుమెత్తున సాయంత్రాన్ని ఆరేసినట్టు ఉంది. రెండు వైపులా మనుషులు కుంచెలు లాగుతూ నడుస్తున్నారు. ఎనిమిది బల్లలూ ఒక గోడకు ఒరిగి ఉన్నాయి. వాటి పక్కన బనియనుతో, మోచేతుల దాకా సిమెంటుతో, మిల్లు సామాజిక బాధ్యత.

"ఏంటిదంతా?" అన్నాడు యజమాని. ఉదయ్ గురుప్రసాద్ వైపు చూశాడు. గురుప్రసాద్ సిమెంటు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

భీమక్క కుంచె ఆపకుండానే చెప్పింది. "తప్పు వానిది గాదు సామీ, వాని కవిత్వానిది. మేం కూసోని కూసోని నడుములు పోయినోళ్లం. నిలబడేటోళ్లు మీ గేటు కాడున్నారు. మా గిడ్డయ్య, వీని నాయన, ఇరవై యేండ్లు మీ గేటు కాడ నిలబడే సద్దికూడు తిన్యాడు. ఆ బల్లలు ఆడ ఎయ్యి."

గురుప్రసాద్ గోడ వైపు తిరిగాడు. రోజూ ఆ గేటులోంచే వస్తాడు. హమాలీలు నిలబడి తినడం రోజూ చూస్తాడు. తండ్రి ఆ గేటు గోడకు ఒక కాలు ఆనించి, చేతిలో గిన్నెతో నిలబడి ఉండేవాడు. ఆ కాలు మీద అతను ఒక్క వాక్యమూ రాయలేదు.

యజమాని పడుగును చూసి ఉదయ్‌ను అడిగాడు. "గేటు దగ్గర వేస్తే రిపోర్టులోకి వస్తుందా?"

"మన పనివాళ్లకు మాత్రమే అంటే లెక్కలోకి రాదు సార్."

"పత్తి తెచ్చే రైతులు కూడా ఆడే నిలబడతారు సార్," అన్నాడు గురుప్రసాద్. అది అతని జీవితంలో ఉపమానం లేని మొదటి వాక్యం.

"అయితే వేయండి," అన్నాడు యజమాని. అది మనసో, చట్టమో, దుమ్మో, అతని ముఖంలో తెలియలేదు. ఫోటో మాత్రం పడుగుతో దిగాడు.

పుస్తకం మొదటి పేజీలో గురుప్రసాద్ రెండు వాక్యాలు రాశాడు. "చట్టం ఉంది కాబట్టి మొదలుపెట్టాం. ఎవరికి ఏం కావాలో అడగకుండా చేసిన తప్పు దిద్దుకున్నాం." ఉదయ్ రెండూ కొట్టేసి, పాత ప్రసంగంలోని తెల్లటి మబ్బును తెచ్చి పెట్టాడు.

బల్లలు గేటు దగ్గర వేపచెట్టు కిందికి వచ్చాయి. ఒక మధ్యాహ్నం గురుప్రసాద్ టీకని బయటికి వచ్చాడు. హమాలీ అయ్యన్న సద్దిమూట ఒళ్లో పెట్టుకుని, "అలసిన చేతులకు ఒక నీడ" అన్న దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. పక్కన చిప్పగిరి నుంచి పత్తి తెచ్చిన రైతులు. ఎనిమిది బల్లలూ నిండిపోయాయి.

"రా సారూ, జరుగుతాం," అన్నాడు అయ్యన్న.

"వద్దులేప్పా, తిను."

గురుప్రసాద్ గేటు గోడకు ఒక కాలు ఆనించి, నిలబడే టీ తాగాడు.