ఓడలో వచ్చిన కనకాంబరాలు

ఓడ మీద నా భార్యకెవరో ఉండేవాడని మా వరుస ఇళ్ళలో ఇప్పటికీ ఒక మాట నడుస్తోంది. ఆ మాట పుట్టించింది నేనే.

పెళ్ళయిన కొత్తలోనే అండమాన్‌లోని బాంబూఫ్లాట్ వచ్చాం. నేను ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాను. ఆమె పూలు ఎండబెట్టి డ్రాయింగు పుస్తకంలో అంటించేది. ఇక్కడి తేమకు పూలు రెండు రోజుల్లో బూజు పట్టేస్తాయి. అందుకని పాత పేపర్లు పెనం మీద వెచ్చచేసి, మధ్యలో పూలు పరిచి, పైన బియ్యం డబ్బా పెట్టేది. రోజూ పేపర్లు మార్చేది. అంటించాక పువ్వు కింద అది దొరికిన తేదీ రాసేది.

ఒకరోజు ఆ తేదీలు చూశాను. అన్నీ విశాఖపట్నం ఓడ వచ్చిన రోజులే. పూలేమో కనకాంబరాలు, మధ్యలో మరువం రెమ్మలు. మా పెరట్లో అవి లేవు.

"ఏటి భయ్యా, దీదీ మళ్ళీ జెట్టీకి ఎల్లినాదా? జహాజ్ వచ్చిందంటే ఇంట్లో కాలు నిలవదు!" అని పక్కింటావిడ నవ్వింది. ఆ నవ్వును ఆఫీసుకు కూడా మోసుకెళ్ళాను.

తర్వాతి ఓడ రోజున సెలవు పెట్టి, ఆమె వెళ్ళాక మరో ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ జెట్టీకి వెళ్ళాను. షెడ్డు చాటు నుంచి చూస్తే, ఒక ఓడ ఖలాసీతో నవ్వుతూ మాట్లాడుతోంది. అంతవరకే చూసి తిరిగొచ్చేశాను.

సాయంత్రం పక్కింటి వాకిట్లో, అందరూ వింటుండగా ఆమెను అడిగాను.

"ఎవడు వాడు?"

"ఎవడేటండీ? ఆడోళ్ళు ఏ మెట్ల మీంచి దిగుతారని అడిగినాను. ఊర్నించి వచ్చినోళ్ళ తల్లో పూలుంటాయి కదా, రెండు ఇమ్మంటాను."

"మూడు రోజులు ఓడలో వాడిన పూలా? కథలు చెప్పకు!"

పుస్తకం తెచ్చి రేవు నీళ్ళలో విసిరేశాను. ఆమె ఏడవలేదు. బియ్యం డబ్బా కింది పేపర్లు తీసి పొయ్యిలో పెట్టింది.

కొన్నాళ్ళకు, ఆఫీసులో కొత్తగా చేరినతని భార్య కనిపించింది.

"పూలు అంటించే ఆవిడ మీ ఇంటావిడేనట కదా అన్నయ్యా? ఓడ దిగుతుంటే నా జడలో కనకాంబరాలు అడిగి తీసుకున్నారు. పుస్తకం చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారు?"

"తేమకు పాడైపోయిందమ్మా," అన్నాను.

ఆరోజే ఇంటికొచ్చి తప్పు ఒప్పుకున్నాను. ఆమె, "నాకు చెప్తే ఏటి లాభమండీ? నాకు ముందే తెలుసు కదా," అంది.

ఆ సాయంత్రం వాకిట్లో విన్నవాళ్ళకు మాత్రం చెప్పలేదు. ఇరవై ఏళ్ళు గడిపేశాను. పక్కింటావిడకు తెలుగు చదవడం రాదు. అందుకే ఇప్పుడు రాసిన ఈ కాగితం పట్టుకుని ఆ వాకిట్లోకే వెళ్తాను. అందరినీ పిలిచి పైకి చదువుతాను.