నోరెత్తని చందా డబ్బా

ఆ రోజుల్లో, అంటే చిల్లర కొట్లో ఫోను చూపించి అగ్గిపెట్టె కొనుక్కునే సౌకర్యం ఇంకా రాని రోజుల్లో, ఒకరికి సాయం చేయాలంటే మంచి మనసుంటే చాలని నేను నమ్మేవాణ్ణి. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నవాడికి ఏదో ఒక నమ్మకం ఉండాలి కదా. ఇప్పుడు నా మనసు మంచిదో కాదో ఖాయంగా చెప్పలేను గానీ, ఎక్కడికి వెళ్ళినా ఆధార్ జిరాక్సులు రెండు మాత్రం జేబులో ఉంటాయి. మనిషి ఎదగడమంటే ఇదేనని ఊరట చెందుతుంటాను.

మేం ముగ్గురం. నేను, రైసు మిల్లు వాళ్ళబ్బాయి కమిటీ, సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన సరంగు. కమిటీని అలా పిలవడానికి కారణం, వాడికి ఏ సమస్య చెప్పినా ముందు కమిటీ వేసేవాడు, తర్వాత సమస్య ఏమిటని అడిగేవాడు. సరంగు అంటే పడవ నడిపేవాడు; వీడి నాన్నకి సొంత పడవ ఉంది. ఆ ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటివాడు వీడే. ఆ వేసవిలో, గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం చేపల వేట ఆపేసినప్పుడు, వాళ్ళ ఊళ్ళో వలలు దాచుకునే పాక అంటుకుంది. పడవ మిగిలింది, వలలు పోయాయి. వేట మళ్ళీ మొదలైన కొత్తల్లోనే చేప బాగా పడుతుంది. ఆలోపు వలలు సమకూరితే సరే. లేకపోతే ఆయన వేరేవాళ్ళ పడవలో కలాసీగా వెళ్ళాలి, ఆ కూలి ఇంటికి చాలదు గనక సరంగు కూడా చదువు మానేసి పక్కనే ఎక్కాలి. ఇదంతా వాడు బెజవాడ పటమటలో టీ కొట్టు దగ్గర, బిస్కట్టు టీలో ముంచుతూ, వేరేవాళ్ళ సంగతిలాగా చెప్పాడు. "చందా ఎత్తుదాం" అన్నాడు కమిటీ. అధ్యక్షుడు వాడే. నేను కార్యదర్శిని. సరంగుని సభ్యుడిగా తీసుకోవడం బాగుండదని, గౌరవ సలహాదారుగా తీసుకున్నాం.

మా వైపు చందా అంటే జోలె పట్టడం. నలుగురు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని బజారు వెంట నడుస్తుంటే, మేడల మీంచీ కొట్లలోంచీ జనం తోచింది అందులో వేస్తారు. మేం ముగ్గురమే కావడంతో నాలుగో కొస కరెంటు స్తంభాలకి తగులుకుంటూ నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. దుప్పటి కమిటీ వాళ్ళ నాయనమ్మది, నెమళ్ళ బొమ్మలది. ఒక వీధి సగం నడిచామో లేదో, స్కూటరు మీద ఒకాయన వచ్చి పక్కన ఆగి, ఎంతో మర్యాదగా, "అనుమతి తీసుకున్నారా బాబూ?" అన్నారు. ఆయనది మా పేటలోనే ఒక ఆఫీసు. (ఏ ఆఫీసో చెప్పను. మా దగ్గరి బంధువొకాయన ఈ మధ్యే అందులో చేరారు.) దొంగ చందాలవాళ్ళు ఎక్కువై, సిగ్నళ్ళ దగ్గర జనాన్ని పట్టుకుని పీడిస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయట; అందుకని వసూళ్ళకి నిబంధనలు పెట్టారట. న్యాయమే. నేను ఇప్పటికీ న్యాయమే అంటాను. మమ్మల్ని ముంచిన ప్రతి మాటా విడిగా చూస్తే న్యాయంగానే ఉండేది.

అనుమతి రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో చెప్పి మిమ్మల్ని బాధపెట్టను. మేం అర్జీ పెట్టినప్పుడు ఆఫీసు ఎదుట మామిడికాయలు అమ్మేవాళ్ళుండేవారు, కాగితం చేతికొచ్చేసరికి అదే చోట నేరేడుపళ్ళు అమ్ముతున్నారు. దానితోపాటు షరతులు. ఆ స్కూటరు సారు (మేం షరతుల సారు అనుకునేవాళ్ళం) మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, ఒక్కొక్కటే చదివారు. జోలె పనికిరాదు. డబ్బా ఉండాలి. డబ్బాకి తాళం, తాళానికి లక్క సీలు. తెరిస్తే ఆయన ఎదుటే తెరవాలి. చూపించిన చోటే నిలబడాలి. బాధితుడి ఫొటో పెట్టి జాలి పుట్టించకూడదు. దారిన పోయేవాళ్ళని నోరు తెరిచి అడగకూడదు.

"అడక్కపోతే ఎలా ఇస్తారు సార్?" అన్నాడు కమిటీ.

"ఇవ్వాలనుకున్నవాళ్ళు ఇస్తారు బాబూ. అదే కదా దానమంటే."

"మరి డబ్బా మీద ఏం రాయమంటారు?"

ఆయన షరతుల కాగితం మరోసారి తిరగేశారు. "'అనుమతి పొందిన డబ్బా' అని రాయండి. కింద అనుమతి నంబరు. అందులో వంక పెట్టడానికి ఎవరికీ ఏమీ ఉండదు."

"ఎవరైనా వాళ్ళంతట వాళ్ళే అడిగితే చెప్పొచ్చా సార్?" అన్నాను నేను.

"నిరభ్యంతరంగా చెప్పండి. చెప్పేది అడిగినట్టు ఉండకూడదు, అంతే."

బయటికొచ్చాక సరంగు, "ఒరే, మా ఊళ్ళో కొంగ కూడా ఇలాగే నిలబడుద్దిరా. దానికైనా ముక్కుంటది" అన్నాడు. గౌరవ సలహాదారుడి మొదటి సలహా అది. మేం పట్టించుకోలేదు.

మాకు చూపించిన చోటు బీసెంట్ రోడ్డు. ఒక పక్క చీరల షాపు, ఇంకో పక్క బంగారం షాపు, మధ్యలో మేం. పైగా ఆషాఢం డిస్కౌంట్లు ముందుగానే మొదలయ్యాయి. బందరు నుంచీ మంగళగిరి నుంచీ కూడా జనం దిగుతున్నారు. ఇంతమంది మధ్య నూనె డబ్బా పట్టుకుని నిలబడితే పరువుగా ఉండదని కమిటీ దానికి బంగారు రంగు జిగేల్ కాగితం చుట్టించాడు. మేమూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, టక్ చేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాం. దొంగ చందాలవాళ్ళలా కనిపించకూడదన్నది మా పట్టుదల. ఆ విషయంలో పూర్తిగా విజయం సాధించాం.

మొదటి గంట ఎవరూ చూడలేదు. తర్వాత ఒకావిడ నాలుగు చీరల సంచులతో వచ్చి డబ్బా ముందు ఆగారు. "బాబూ, ఇది ఈ షాపుదా, ఆ షాపుదా?"

"ఏ ఒక్క షాపుదీ కాదండీ" అన్నాను. అడిగినట్టు లేకుండా చెప్పాలి కదా.

"అన్నిటికీ కలిపి పెట్టారా? అయితే రెండు వేస్తానుండు" అని పక్కకి తిరిగి, హ్యాండుబ్యాగు మీద ఏదో చేసుకుని, రెండు మడతలు లోపల పడేసి వెళ్ళారు. రెండు ఏమిటో నేను అడగలేదు. అడగడం నిషేధం. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ. ఆవిడ వెనక ఒక కుటుంబం. ఒకాయనైతే భార్య చేత వేయించి, పిల్లాడి చేత వేయించి, డబ్బాకి దణ్ణం కూడా పెట్టాడు. కమిటీకి కళ్ళు చెమర్చాయి. ఉండబట్టలేక ఒక పెద్దాయనతో, "విరాళాల డబ్బా అండీ ఇది" అన్నాడు. సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన షరతుల సారు వాడి భుజం మీద చెయ్యి వేసి, "బాబూ, విరాళం అనే మాటలోనే అడగడం ఉంది. ఒక్క కాగితం కోసం అనుమతి పోగొట్టుకుంటారా?" అన్నారు బాధగా. కమిటీ ఆ తర్వాత నోరెత్తలేదు. సాయంత్రానికి డబ్బా ఊపితే శబ్దం రానంతగా నిండిపోయింది. చిల్లర కాదు, అంతా కాగితమే. బెజవాడ మనసు ఇంత పెద్దదా అనుకుంటూ సెంటర్లో నిలబడి ముగ్గురం పునుగులు తిన్నాం. సరంగు వాళ్ళ నాన్నకి ఫోను చేసి, "కాస్త ఆగు నానా, వేరే పడవకి మాటివ్వమాక" అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చేతిలో పునుగు ప్లేటులో పెట్టేస్తాను.

ఇక తెరవాలి. సారు ఎదుట తెరవాలి. సారు శిక్షణకి వెళ్ళారు. శిక్షణ అయి వస్తే జ్వరం వచ్చింది. జ్వరం తగ్గేసరికి లక్క సీలు మీద వేసిన ముద్ర ఎవరి బీరువాలో ఉందో తేల్చాల్సి వచ్చింది. (తెరవడానికి ముద్ర ఎందుకని మీరు అడగొచ్చు. మేమూ అడిగాం. పోల్చి చూడ్డానికట.) ఈలోగా వేట మొదలైపోయింది. సరంగు వాళ్ళ ఊరి పడవలన్నీ సముద్రంలోకి వెళ్ళాయి, వాళ్ళది తప్ప. వాడు రోజూ ఆఫీసుకి వచ్చి, బెంచీ మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అటుగా వెళ్ళేవాళ్ళు అలవాటుగా దాన్నొకసారి తొంగిచూసి, పెన్ను కోసం జేబు తడుముకునేవారు. ఎందుకో మాకు తట్టలేదు.

చివరికి తెరిచారు. సారు తాళం తీసి, డబ్బా బల్ల మీద బోర్లించారు. పేర్లు. ఫోను నంబర్లు. చీరల బిల్లుల వెనక రాసినవి కొన్ని, బంగారం షాపు కూపన్లు కొన్ని, ముత్యాల్లాంటి అక్షరాలతో పూర్తి చిరునామా సహా ఇచ్చినవి కొన్ని. జనమంతా అది లక్కీ డ్రా అనుకున్నారు. జిగేల్ కాగితం, టక్ చేసుకున్న కుర్రాళ్ళు, అనుమతి నంబరు, ఆషాఢం: ఇంకేమనుకుంటారు పాపం. అడుగున కాసిని నాణేలూ ఒక చొక్కా బొత్తామూ ఉన్నాయి. సారు కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కో కాగితమే తిప్పి చూశారు. ఆయన ముఖంలో నిజమైన విచారం కనిపించింది.

"వీటిని విరాళాలని రాయనా, కాగితాలని రాయనా?" అన్నారు.

ముందు నవ్వింది సరంగే. వాడు నవ్వుతుంటే చూడలేకపోయాం. కమిటీ మాత్రం ఆశ వదల్లేదు. "సార్, నంబర్లున్నాయి కదా, అందరికీ ఫోన్లు చేసి అసలు సంగతి చెబుతాం."

"ఫోనులో అడగడానికి వేరే అనుమతి కావాలి బాబూ" అన్నారు సారు, వాడి కంటే దిగులుగా.

మర్నాడు ఆ చోటు ఖాళీ చేసినట్టు పక్క షాపువాళ్ళ చేత రాయించుకునేందుకు బీసెంట్ రోడ్డుకి వెళ్ళాం. సరంగు అటునుంచి అటే ఊరెళ్ళిపోవడానికి సంచి సర్దుకుని వచ్చాడు. వాళ్ళ నాన్న వేరేవాళ్ళ పడవలో ఇద్దరికీ చోటు మాట్లాడేశాడు. మేం ఖాళీ డబ్బాతో నిలబడి ఉండగా చేతిసంచితో ఒక ముసలావిడ రొప్పుతూ వచ్చింది.

"డ్రా తీసేశారా నాయనా? మొన్నామధ్య నేనూ ఏశాను. చల్లపల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చా. గ్రైండరు నాకేమన్నా తగిలిందా? మా కోడలు రుబ్బలేక నడుం పట్టుకుని కూచుంటంది."

కమిటీ నా ముఖం చూశాడు. నేను నేల చూశాను. సరంగు మాత్రం ఆవిడ పేరడిగాడు. చెప్పింది. "మీ పేరు వచ్చిందండీ. గ్రైండరు వేరేవాళ్ళకి పోయింది. మీది మూడో బహుమతి" అని, సంచిలోంచి పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. వాళ్ళమ్మ కమిటీ వాళ్ళింటికి ఇమ్మని పంపిన ఎండు రొయ్యలవి.

ఆవిడ పొట్లం విప్పి, వాసన చూసి, ఒకటి గిల్లి చూసింది. "మంచియ్యే. చీరల షాపోళ్ళు రొయ్యలివ్వటమేంటో గానీ, మంచియ్యే. మాట మీద నిలబడ్డారు నాయనా. మీ యాపారం చల్లగుండాల" అని దీవించి, నిదానంగా బస్టాండు వైపు వెళ్ళిపోయింది. మా కమిటీ మొత్తం కార్యక్రమంలో సాయం అందుకున్న మనిషి ఆవిడొక్కతే.

సరంగుని బస్సెక్కించాం. "మళ్ళీ అర్జీ పెడదాంరా, ఈసారి బాగా రాద్దాం" అన్నాను కిటికీ దగ్గర నిలబడి. "పెట్టండ్రా" అన్నాడు వాడు, మా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక. ఆ జూలైలో కాలేజీ తెరిచారు. హాజరు పట్టీలో వాడి పేరు కొన్నాళ్ళు పిలిచారు, తర్వాత మానేశారు. ఇప్పుడు వాడు పడవ నడుపుతున్నాడు, వేరేవాళ్ళదే. ఎప్పుడైనా ఫోను చేస్తే గాలి హోరులో సగం మాటలే వినిపిస్తాయి. అన్నీ సరిగ్గా వినిపిస్తే ఏం మాట్లాడాలో నాకూ తెలియదు గనక అదీ మంచిదే.

అయితే ఆ రోజు బస్సు మలుపు తిరిగాక నేను ఇంటికి వెళ్ళలేదు. కమిటీని లాక్కుని తిన్నగా ఆఫీసుకి వెళ్ళి, తెల్లకాగితం కొని, గడువు పొడిగించమని అర్జీ రాసి వరసలో నిలబడ్డాను. నలిగిన ఇస్త్రీ చొక్కా, చెదరని టక్, ముందున్నాయన భుజం మీంచి కౌంటరు వైపు ఆశగా చూపు. ఆ కుర్రాడి, అంటే అప్పటి నా, వీపు తట్టి, "ఇంటికి పోరా అబ్బాయ్" అని చెప్పాలని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. కానీ వాడు వినే రకం కాదు. పైగా ముందు ఇద్దరే ఉన్నారు. నిలబడనీ.