నఫీసా ఆగడం నేర్చుకున్న ఏడాది

అది 1993. గోదావరిఖనిలో ఓ అద్దె ఇంటి రెండు గదుల్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడి నడిచేది. నేను అక్కడ స్పెషల్ టీచర్‌ని. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా కిటికీ రెక్కలు దడదడలాడేవి.

నఫీసాకు ఎనిమిదేళ్లు. తండ్రి లారీ మెకానిక్. ఆ పిల్లకు మాట రాదు. రోజూ ఎన్నిసార్లో తలను గోడకేసి కొట్టుకునేది. నుదుటి మీద చర్మం కాయ కాచిపోయింది.

"దవాఖానల చూపెట్టినం, దర్గాకు తీస్కపోయినం. ఇగ చేతులు కట్టేసుడే మిగిలింది టీచరమ్మా," అంది తల్లి రజియా.

వారం రోజులు వాళ్లింట్లో కూర్చుని గమనించాను. తల్లి పనిలో పడి అటు తిరిగితే చాలు, నఫీసా తల కొట్టుకునేది. రజియా పరుగెత్తుకొచ్చి ఒళ్లోకి తీసుకునేది. అమ్మను పిలవడానికి ఆ పిల్లకు తెలిసిన దారి అదొక్కటే.

వేరే దారి చూపించాం. అమ్మ చేతి మీద రెండుసార్లు తట్టాలి. తట్టగానే అమ్మ ఎత్తుకోవాలి. మా చదువులో దీన్ని ఫంక్షనల్ కమ్యూనికేషన్ అంటారు, అంటే మొండిగా సాధించుకునేదాన్ని అడిగి తీసుకోవడం. మొదట్లో నేనే వెనక నుంచి ఆ చిన్న చెయ్యి పట్టుకుని తట్టించాను. రెండు నెలలు తిరిగేసరికి గోడ జోలికి పోవడం మానేసింది.

కానీ తట్టడం ఆగలేదు.

"తల కొట్టుకునుడు బందైంది గని, పొద్దంత తడుతనే ఉంటది. పొయ్యి మీద కూర మాడిపోతుంది. ఎట్ల చెయ్యాలె?" అంది రజియా.

"ఎత్తుకునుడు ఒక్కపారే ఆపితే మళ్ల గోడ కాడికే పోతది అక్కా. తట్టంగనే 'ఠైరో' అను, ఆగుమని. రెండు దాంక లెక్కపెట్టి ఎత్తుకో. తర్వాత మూడు."

దీని పేరు థిన్నింగ్. ఇచ్చేదాన్ని మెల్లమెల్లగా పలచన చేయడం. పది దాకా వచ్చాక నాకు తొందర పుట్టింది. ఒకేసారి నలభైకి పెంచమన్నాను. సగం లెక్క కాకముందే నఫీసా లేచి గోడకు కొట్టుకుంది. నుదురు చిట్లి రక్తం కారింది.

తప్పు నాది. రజియా నన్ను ఒక్క మాట అనలేదు. బిడ్డ నుదుటిని కొంగుతో అదిమి పట్టుకుని, "మళ్ల రెండు కాడికెళ్లి మొదలుపెడదామా?" అని అడిగింది.

ఈసారి ఒక్కో అంకె పెంచాం. కొన్నాళ్లకు అంకెలు పోయి రొట్టెలు వచ్చాయి. ఒక రొట్టె కాలేదాకా ఆగాలి, తర్వాత రెండు, ఎండాకాలానికి ఆరు. ఆగమన్న ప్రతిసారీ, పని కాగానే రజియా వెళ్లి ఎత్తుకుంది. ఒక్కనాడూ మరవలేదు.

ఓ సాయంత్రం నేను వెళ్లేసరికి రజియా పిండి పిసుకుతోంది. నఫీసా వచ్చి తట్టింది. బిడ్డ మీద మురిపెం ఆపుకోలేక రజియా ఆ రోజు 'ఠైరో' అనలేదు, చేతులు కడుక్కోవడానికి లేవబోయింది. నఫీసా తల్లి మణికట్టు పట్టుకుంది. ఆ చేతిని తీసి మళ్లీ పిండిలో పెట్టింది. తర్వాత ఆమె మోకాలికి ఆనుకుని కూర్చుంది.

రజియా చేతులు పిండిలోనే ఉంచి నా వైపు చూసింది.

"యా అల్లా! గిది ఎవరు నేర్పిన్రు టీచరమ్మా?"

నేను నేర్పలేదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇన్నాళ్లూ ఆ పిల్లకు ఆగడం నేర్పుతున్నామనుకున్నాం. పిలిస్తే అమ్మ వస్తుందని ఆమె లోలోపల రూఢి చేసుకుంటూ ఉందన్నమాట, అందుకే ఎవరూ ఆగమనకుండానే ఆగింది. ఆ తర్వాత ఎందరో పిల్లలకు ఆగే లెక్క పెంచాను. పెంచే ముందు ప్రతిసారీ నన్ను నేను అడిగేదాన్ని: ఈ పిల్లకు మా మీద నమ్మకం కుదిరిందా?