బొటనవేలికి తెలిసే గట్టు

పొద్దున ఏడుంబావుకు ఊరిగాం స్టేషన్‌లో దిగాను. భుజాన కిట్ బ్యాగు, జేబులో ఆర్డరు కాగితం. ఆగస్టు నెల. సన్నటి తుంపర. పట్టాల అవతల, మూతబడిన బంగారు గనులు వదిలిన సైనైడ్ మట్టి దిబ్బలు. తడిసి ఉన్నాయి కాబట్టి ఆ రోజు మన్ను కళ్ళల్లో పడలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎడారి చూశాను, మంచు చూశాను. సొంతూరు లక్కూరుకు ఇంత దగ్గర్లో డ్యూటీ పడడం అదొక్కసారే.

"ఇది డ్యూటీనా, సెలవా?" అని మా ఊళ్ళో ఒకటే ఎగతాళి. డ్యూటీనే. నేను వైమానిక దళంలో సార్జెంటును. హెలికాప్టర్లలో పరికరాలు చూడడం నా పని. తుపాకీ పేల్చింది శిక్షణలోనే. యుద్ధం గురించి చెప్పమని అడిగేవాళ్ళకు నా దగ్గరున్నది ఒక పెట్టె కథ.

ఆరు పెట్టెలు, ఆరు వారాలు. అదీ ఆర్డరు. పైలట్ ముందు బిగించే ఒక్కో పెట్టెకు మధ్యలో దారీ ఎత్తూ చూపే తెర, చుట్టూ బటన్లు. మార్కెట్లో రెడీమేడ్‌గా దొరికే సరుకే. కొత్తది తయారు చేయాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకని కొన్నదాన్నే మన కాక్‌పిట్‌కు తగినట్టు మార్చాలి. పాత గని కంపెనీ క్వార్టర్ల వెనకున్న చిన్న వర్క్‌షాపు ఆ పని చేస్తోంది. బ్రాకెట్లు మార్చారు. కనెక్టర్లు మార్చారు. చీకట్లో పైలట్ కళ్ళు చెదరకుండా తెరకు ఫిల్టరు వేశారు. ఏమేం మార్చాలో జాబితా రాసింది నేనే. నా సంతకం పడితేనే పెట్టె గేటు దాటుతుంది. చలి ముదరకముందే కొండల్లోని మా యూనిట్‌కు చేరాలి.

బ్రాకెట్లు బిగించే పెద్దాయనను అక్కడ అందరూ వైండరప్ప అనేవాళ్ళు. గనిలో మనుషుల్ని కిందికి దించే ఇనుప బోనును కేజి అంటారు. ఆ కేజిని దించి ఎత్తే యంత్రం నడిపినవాడే వైండరు. ఈయన ఆ పనే చేసి, గని మూతబడ్డాక ఆకురాయి పట్టాడు. కేజిలో మనుషులున్నంతసేపూ వైండరుతో ఎవరూ మాట్లాడకూడదట. ఆ అలవాటు ఆయన వదల్లేదు. స్క్రూ బిగిస్తున్నప్పుడు దేవుడొచ్చి పలకరించినా జవాబు లేదు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. వారం తిరిగేసరికి ఆయన పక్కన కూర్చుని టీ తాగకపోతే నాకు పొద్దు గడిచేది కాదు.

నాలుగో వారం. మొదటి పెట్టె సిద్ధం. నేను బటన్లు ఒక్కొక్కటీ నొక్కి టిక్కు పెట్టుకుంటున్నాను. వైండరప్ప వచ్చి నిలబడ్డాడు.

"సార్, దీన్ని వాడేటాయన యాడుంటాడు?"

"మంచు కొండల్లో అప్పా."

"చేతికి ఏమన్నా ఏసుకుంటాడా?"

"రెండు జతల గ్లౌజులు."

"మరి నువ్వు ఉత్త చేత్తో నొక్కి చూస్తా ఉండావే!"

పెట్టిన టిక్కులన్నీ కొట్టేశాను.

సోడా అంగడి నుంచి మంచుగడ్డ తెప్పించాం. బకెట్లో వేసి, గ్లౌజులతోనే పది నిమిషాలు చేతులు అందులో పెట్టాను. "కిటికీలోంచి దిబ్బని చూడు. కింద చూడొద్దు. ఇంగ రేడియో ఛానెల్ మార్చు," అన్నాడు వైండరప్ప. నొక్కాను. తెర ఆరిపోయింది. పక్కపక్కనే రెండు బటన్లు, ఒకే సైజు. ఒకటి ఛానెల్ మార్చేది, ఇంకొకటి తెర ఆర్పేది. ఆరుసార్లు నొక్కితే రెండుసార్లు తప్పాను. మబ్బులో, పక్కన కొండ ఉండగా అలా జరిగితే? జాబితా రాసినవాణ్ణి నేను. మే నెల ఎండల్లో, నీడపట్టున కూర్చుని, ఉత్త వేళ్ళతో కొలిచి రాశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

బూదికోట నుంచి వచ్చి అక్కడ డ్రాయింగులు గీసే అమ్మాయి తల పట్టుకుంది. "సార్, అంతా అప్రూవ్ అయిపోయి ఉండాది. ఇప్పుడు మారిస్తే ఇంగా పది దినాలు లేటు."

ఆఫీసరుకు ఫోన్ చేశాను.

"తప్పెవరిది?"

"నాదే సార్."

"పది రోజులు తీసుకో. పదకొండోది అడగకు."

రెండు బటన్ల నడుమ చిన్న లోహపు గట్టు పెట్టాలన్నది వైండరప్ప ఆలోచన. అమ్మాయి గీసింది, ఆయన అరగదీశాడు. మొదటిది ఎత్తెక్కువై గ్లౌజుకు తగులుకుంది. రెండోది వేలికి తెలియనే లేదు. మూడోదానికి ఆయన నా గ్లౌజులు తొడుక్కుని, బకెట్లో చేతులు నానబెట్టి, కళ్ళు మూసుకున్నాడు. షాపంతా నోరు మెదపలేదు. ఇరవైసార్లు నొక్కాడు. ఒక్కసారీ తెర ఆరలేదు. కళ్ళు తెరిచి, "ఇది బియ్యపుగింజంత. చాలు," అన్నాడు. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

అదనంగా దొరికిన పది రోజుల్లో తొమ్మిదో రోజు సాయంత్రం నాలుగింటికి ఆరో పెట్టె కాగితం మీద సంతకం పెట్టాను. వైండరప్ప నా చెయ్యి వదల్లేదు.

"నాయినా, గనిలో కేజి తాడు బాగు చేస్తే, చేసినోడే మొదటి కేజిలో దిగాల. అది మా పద్ధతి. నేనైతే ఆడికి రాలేను. సంతకం పెట్టినావు గదా, నువ్వు ఎక్కుతావా?"

"ఎక్కుతాను."

అప్పుడు చెయ్యి వదిలాడు.

అక్టోబరులో మొదటి పెట్టె బిగించిన హెలికాప్టరులో వెనక సీటు అడిగి మరీ తీసుకున్నాను. ఉదయం ఆరూ నలభైకి గాల్లోకి లేచాం. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. బయట సున్నాకు పదకొండు డిగ్రీలు కింద. లోయ మలుపులో మబ్బు అడ్డమొచ్చింది. ఎడమ పక్క రాతి గోడ. కింద సైనిక పోస్టువాళ్ళు రేడియోలో పిలుస్తున్నారు, ఛానెల్ మార్చాలి. వెనక సీట్లోంచి వంగి పైలట్ బొటనవేలినే చూస్తున్నాను.

ఛానెల్ మారింది. తెర వెలుగుతూనే ఉంది.

"సార్జెంట్, వెనకాల ఊపిరి తీసుకుంటున్నావా?" అన్నాడు పైలట్ హెడ్‌సెట్లో.

"ఇప్పుడే మొదలుపెట్టాను సార్."

దిగగానే ఊరిగాంకు ఫోన్ చేశాను. "కేజి పైకొచ్చిందప్పా," అన్నాను. "తిన్నావా నాయినా?" అన్నాడు వైండరప్ప.

రిటైరై లక్కూరు చేరాను. నాలుగు మామిడి చెట్లు, రెండు ఆవులు. ఎన్నో మరిచిపోయాను. కానీ పొద్దున పాలు పితికేటప్పుడు చేతులు కొంకర్లుపోతే ఇప్పటికీ అదే కనబడుతుంది: పైలట్ కళ్ళు బయట రాతిగోడ మీదే ఉన్నాయి. గ్లౌజులోని బొటనవేలు తప్పు బటన్ మీద వాలింది. పక్కనే గట్టు తగిలింది. వేలు ఒక్క క్షణం ఆగింది. నెమ్మదిగా ఆ గట్టు దాటి అవతలికి జరిగింది.