తూర్పుకే పొంగే పాలు

ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గాని, తణుకులో కోడలిగా అడుగుపెట్టిన ఆ తొలి ఏళ్ళలో చలికాలం వెళ్ళిపోతోందంటే చాలు, నాకు దిగులు పట్టుకునేది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఊరంతా సంబరపడుతుంటే, ఇంకో రెండు నెలలు మంచు కురిస్తే బాగుండునని నేను కోరుకునేదాన్ని. కారణం రథసప్తమి. మామిడి పూత మొదలై, చేలల్లో రెండో పంట దాళ్వా ఊడ్పులు సాగుతూ, పొద్దుటి ఎండలో కూర్చుంటే వీపు చురుక్కుమనే రోజుల్లో వస్తుంది ఆ పండుగ. ఆ రోజు సూర్యుడు తన రథాన్ని ఉత్తరానికి మళ్ళిస్తాడని మా అత్తయ్యగారు చెప్పేవారు. (స్కూల్లో ఏడో తరగతికి సైన్సు చెప్పేదాన్నిగా నాకు దీనిమీద కొన్ని అభ్యంతరాలు ఉండేవి. కోడలిగా ఉండేవి కావు.)

తలమీద ఏడు జిల్లేడు ఆకులూ ఒక రేగిపండూ పెట్టుకుని స్నానం చేయడం, చిక్కుడుకాయలకు చీపురుపుల్లలు గుచ్చి బుల్లి రథం కట్టడం, ఇవన్నీ నాకూ వచ్చు. గొడవంతా పాల దగ్గరే. పెరట్లో తులసికోట ముందు మూడు ఇటుకలు పెట్టి, భోగినాడు మిగిల్చిన పిడకలు రాజేసి, ఇత్తడి గిన్నెలో పాలు పొంగించి, అందులోనే బియ్యం పోసి పాయసం చేస్తారు. పొంగు తూర్పువైపు పడితే ఆ ఏడాదంతా ఇంటికి మంచిదట. ఆ పని మా తోటికోడలిది. మా బావగారి భార్య గనక నేను ఆవిణ్ణి అక్కా అని పిలిచేదాన్ని. అక్క కూర్చుని కాస్తే పాలు ఏ ఏడైనా సరే, బుద్ధిగా తూర్పుకే పొంగేవి. అత్తయ్యగారు ప్రహరీ గోడ మీంచి పక్కింటి పిన్నిగారికి చెప్పేవారు: "మా పెద్దకోడలి చెయ్యి పడిందంటే ఇంక చూసుకోనక్కర్లేదండీ!" ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. పోనీ అక్క గయ్యాళి అయినా హాయిగా తిట్టుకునేదాన్ని. నా జడలో పువ్వులు వాడిపోయాయని తన జడలోవి తీసి పెట్టే రకం ఆవిడ. అలాంటి మనిషిని చూసి కుళ్ళుకోవడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

మూడో ఏడు ఇంక ఉండబట్టలేక అడిగేశాను. "అత్తయ్యగారూ, ఈసారి పాలు నేను పొంగిస్తానండీ. పైన కొత్త డాబా ఉంది కదా, అక్కడైతే ఎండ బాగా పడుతుంది."

అత్తయ్యగారు ఏదో అనబోయారు. అక్క అడ్డొచ్చింది. "పోనివ్వండి అత్తయ్యా, ఎప్పుడూ నేనేనా? పాపం, సరదా పడుతోంది."

ఆ "పాపం" నాకు గుచ్చుకుంది. నాది సరదా ఏమిటి? ఒక్కసారి నా చేతిలో పాలు తూర్పుకు పొంగితే, గోడ మీంచి వెళ్ళే మాటల్లో "మా చిన్నకోడలు" అనే మాట కూడా ఒకటి ఉంటుందని నా ఆశ. అంతకన్నా నాకేమీ అక్కర్లేదు.

పండుగ రోజు అందరూ డాబా ఎక్కారు. నా భర్త వీడియో తీస్తానని ఫోను పట్టుకుని గిన్నెకు అవతల నిలబడ్డారు. (అది పడమర వైపు. అప్పుడు పట్టించుకోలేదు.) పాలు సన్నగా వణికాయి, అంచుదాకా లేచాయి, నేను రెండు చేతులూ జోడించాను. అవి ఒక్క ఉదుటున వెళ్ళి ఆయన పాదాల దగ్గర పడ్డాయి. ఆయన ఎగిరిన ఎగురుడు వీడియోలో ఇప్పటికీ భద్రంగా ఉంది. పక్కింటి డాబా మీంచి పిన్నిగారు "ఎటు పొంగిందమ్మా?" అని కేక వేశారు. అక్కే నా భుజం మీద చెయ్యి వేసి, "పడమరైతే ఏమైంది చెల్లీ? సాయంత్రానికి సూర్యుడు వెళ్ళేది అటేగా!" అంది. ఎత్తిపొడిచినా భరించేదాన్ని. ఓదార్చేసరికి నా కడుపు మంట పిడకల మంటను మించిపోయింది.

మధ్యాహ్నం ఏడుపు మొహంతో డాబా కడుగుతున్నాను. బకెట్టుతో నీళ్ళు కుమ్మరిస్తే అన్నీ కలిసి పడమరకే పరుగెత్తాయి. మేస్త్రి వాననీటి గొట్టం అటు పెట్టాడు, నేల వాలు కూడా అటే ఇచ్చాడు! చీపురు పారేసి, మెట్లు దిగి, పెరట్లో పొయ్యి పెట్టే చోట చెంబుడు నీళ్ళు పోశాను. అవి తిన్నగా తూర్పుకు, కాలవ వైపు పోయాయి. ఆనందం పట్టలేక పరుగున వెళ్ళి నా భర్తతో చెప్పాను. "చూశారా, అది మీ వదినగారి చేతి మహిమ కాదు, పెరడు వాలు!"

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అన్నారాయన, పాదానికి వెన్న రాసుకుంటూ.

మరుసటి ఏడాది రథసప్తమి కోసం నేను ఎదురుచూసినట్టు సూర్యుడు కూడా చూసి ఉండడు. ఈసారి పెరట్లోనే, అదే చోట కూర్చున్నాను. పాలు చక్కగా తూర్పుకు పొంగాయి. తలెత్తి అందరినీ చూశాను. అత్తయ్యగారు "ఊఁ, బియ్యం పొయ్యి" అన్నారు. అంతే.

"తూర్పుకే పొంగాయండీ!" అన్నాను, ఆగలేక.

"అక్కడ ఎవరు కాచినా తూర్పుకేనమ్మా. నేల వాలు అటే కదా. మా అత్తగారు చూసుకునే అక్కడ పొయ్యి పెట్టించారు."

"మరి ఇన్నేళ్ళూ అక్కని మెచ్చుకున్నారు కదండీ?"

"పొంగించినందుకా? పిడకల మంట మన మాట వింటుందేంటి? దానిమీద పాయసం అడుగంటకుండా దింపడమంటే మాటలా! అదుగో, మాట్లాడుతూ కూర్చున్నావు, కలుపు, మాడుతోంది!"

మాడింది. అంటే ఇన్నేళ్ళూ నేను కుళ్ళుకోవలసింది పాల గురించి కాదు, పాయసం గురించి. పడిన అసూయంతా వృథా అయిపోయిందన్న బాధ ఒకటి, మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలన్న బాధ ఇంకొకటి. చిక్కుడాకులో వడ్డించిన ఆ పాయసాన్ని అందరికన్నా ముందు అక్కే తిని, "మాడు వాసన కూడా కమ్మగానే ఉంది చెల్లీ" అంది. ఆవిడ మారదు.

బావగారికి కాకినాడ బదిలీ అయ్యాక పొయ్యి నాకే మిగిలింది. పోటీ లేదు, గోడ మీంచి వెళ్ళే మాటల్లో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉంటాను. అయినా నా పాయసం ఏటా అడుగంటుతూనే ఉంది. మొన్నటి పండుగకి అక్క తన ఫ్లాట్‌లో చేసిన పాయసం ఫోటో పంపింది. తెల్లగా, మల్లెపూవులా ఉంది. ఎక్కడైనా చిన్న గోధుమరంగు మచ్చ ఉంటుందేమోనని వేళ్ళతో పెద్దది చేసి చేసి వెతికాను. లేదు. ఇంతలో ఆవిడే ఫోను చేసింది.

"నీదే అదృష్టం చెల్లీ. ఇక్కడ గ్యాసు మీద చేశాను, పొగ వాసనే లేదు. నీకేం, పెరడు, ఎండ, పిడకలు... ఆ అడుగుమాడు గోకి తినాలని ఎంతలా ఉందో తెలుసా?"

ఆ గొంతులో కాస్త కుళ్ళు వినిపించింది. ఎన్నేళ్ళకి! అంతటి మనిషికి నామీద అసూయ! గోడ దగ్గరికి వెళ్ళి పిన్నిగారికి చెప్పేద్దామా అనిపించింది. కానీ ఫోను పెట్టేశాక కాళ్ళు అటు పోలేదు. ఎండలో గిన్నె ముందేసుకుని కూర్చుని, ఆవిడ వాటా మాడు కూడా నేనే గోకి తిన్నాను.