బొజ్జయ్యకు కట్టిన పురుగు

బొజ్జయ్య పోయిన పొద్దున జకర్యా ఖానాపురం హవేలిలో, కూతురింటి వెనక పళ్లు తోముకుంటున్నాడు. కూతురు బ్లెస్సీ ఫోన్ తెచ్చి చేతికిచ్చింది. అవతల బొజ్జయ్య కొడుకు రామకృష్ణ.

"నాయిన తెల్లారగట్ల పోయిండు మామా. నువ్వొచ్చేదాక ఉంచుతం. ఎండ బాగున్నది, జల్దీ రా."

జకర్యా నోరు పుక్కిలించి లోపలికి వెళ్లి మంచం కింది రేకు డబ్బా బయటికి లాగాడు.

ముప్పై ఏళ్లు ఏజెన్సీలో, మిషన్ ఆసుపత్రిలో కట్లు కట్టిన మనిషి ఆయన. అక్కడి తెల్లదొర డాక్టరు సాయంత్రాలు వాగులో గాలం వేసేవాడు. వానపామును గుచ్చేవాడు కాదు, పిండి ముద్ద పెట్టేవాడు కాదు. గాలం మీద జింక వెంట్రుకలూ పుంజు మెడ ఈకలూ దారంతో చుట్టి పురుగును తయారుచేసేవాడు. పొద్దు వాలే వేళ వాగు మీద వాలే గోధుమరంగు పురుగులుంటాయి, రెక్కలను గుడిసె కప్పులా ముడుచుకుంటాయి. అచ్చం వాటిలాగే ఉండేది. జింక వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది కాబట్టి నీళ్లలో మునగదు. దొర తన దేశం వెళ్లిపోతూ ఆ సరంజామా అంతా జకర్యాకు ఇచ్చి పోయాడు.

బొజ్జయ్య ఆ ఆసుపత్రికి వచ్చింది ఎలుగుబంటి చీల్చిన పిక్కతో. రెండు నెలలు జకర్యానే కట్టు మార్చాడు. మార్పించుకున్నాక పోకుండా కిటికీ దగ్గర కూర్చుని, ఆయన పురుగులు కట్టడం చూస్తుండేవాడు.

"ఒక జింక, ఒక కోడి. ఇంత పెట్టి వేలంత పరకపిల్లను పడతవా బావా? ఆ కోడినే కూరొండుకోరాదు?"

కాలు మానాక అతనే జకర్యాను వాగు వెంట తిప్పాడు. ఏ మడుగులో ఏ వేళకు చేప పైకి లేస్తుందో చూపించాడు. అడవికుక్కలు తిని వదిలేసిన జింక తోలు ముక్క ఎక్కడన్నా దొరికితే, ఫారెస్టోళ్ల కంట పడకుండా పొగాకు మడతలో చుట్టి తెచ్చేవాడు. ఆ వెంట్రుకలు ఎన్ని రోజులైనా చుట్ట వాసన కొట్టేవి. జకర్యా ఉద్యోగం దిగి ఖమ్మం చేరాక కూడా ఏడాదికి నాలుగుసార్లు బస్సెక్కి వెళ్లేవాడు.

పోయిన చలికాలం వెళ్లినప్పుడు బొజ్జయ్య దగ్గుతూ మంచంలో ఉన్నాడు. టీబీ మందులు సగంలో మానేశాడని జకర్యా చాలాసేపు తిట్టాడు. తిట్లన్నీ విని అతను నెమ్మదిగా అడిగాడు.

"నేను పోతే నాతోని ఒక పురుగును పంపు బావా. నీ చేత్తో కట్టిందే. అక్కడ వాగుంటదో లేదో."

"మా గ్రంథంలనైతే నది ఉన్నది."

"చేపలున్నయా?"

"అది రాయలే."

"రాసెటోడు గాలమెయ్యడు కావచ్చు. నువ్వైతే పంపు."

జకర్యా పంపుతానన్నాడు.

ఇప్పుడు డబ్బాలో ఉన్నది ఒక్కటే మంచి పురుగు, చేతులకు వణుకు రాకముందు కట్టింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. కటింగ్ ప్లయర్ తీసి గాలం మొన తెంపేశాడు. శవానికి బట్ట కట్టేవాళ్లకు గుచ్చుకోకూడదు. వాడిన సూదిని విరవకుండా ఏనాడూ పారేసినవాడు కాదు.

డబ్బా చంకన పెట్టుకుని భద్రాచలం దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. బొజ్జయ్యను పందిరి కింద పడుకోబెట్టారు. తలకు పాత ఎర్ర తువ్వాల చుట్టి ఉంది. గుంత తవ్వి వచ్చినవాళ్లు గోడ నీడన కూర్చున్నారు. జకర్యా అతని పాదాల దగ్గర కాసేపు నిలబడి, పురుగును తీసి అతని భార్య నాగక్క చేతిలో పెట్టాడు. ఆమె బొటనవేలితో తడిమింది.

"మొనేదన్నా?"

"తెంపిన చెల్లె. ఎవరికన్నా గుచ్చుకుంటదని."

నాగక్క ఏడుపు ఆపింది. "మొన లేకుంటే ఆయన దేంతోని పట్టాలె?"

"పోనియ్యే," అంది పక్కనున్న ముసలి జంపక్క. "కంపోండరు పెద్దమనిషి. అంత దూరం నుంచి తెచ్చిండు."

"తెల్వనోడైతే పోనిద్దును అత్తా. ఈయనకు తెల్వదా?"

జకర్యా మొన లేని పురుగును వెనక్కి తీసుకున్నాడు. గుర్తుగా పెట్టడానికి తెచ్చాడు, శవపేటిక మీద పూలు పెట్టినట్టు. ఆ గాలం నీళ్లలో పడుతుందని ఆయన ఒక్కసారి కూడా అనుకోలేదు. బొజ్జయ్య అడిగింది మాత్రం గాలాన్నే.

"ఇంకోటి కడత. జర ఆగుండ్రి," అన్నాడు.

రామకృష్ణ ఎండ వైపు చూశాడు.

డబ్బాలో మిగిలిన జింక వెంట్రుకలు ఒక్క చిటికెడు. జకర్యా అరుగు మీద కూర్చుని, కట్లు కట్టే పటకారుకు కొత్త గాలం బిగించాడు. కుట్లు వేసే పట్టుదారం చుట్టాడు. పుంజు ఈక చుట్టాడు. అంతవరకు ఎలాగో సాగింది. వెంట్రుకల్లోంచి బూరును పేన్ల దువ్వెనతో దువ్వి తీసేసి, ఖాళీ ఇంజెక్షన్ సీసాలో వేసి తట్టి కొసలు సమం చేశాడు. గాలం మీద ఆనించి దారం బిగించగానే చెయ్యి వణికింది, వెంట్రుకలు గిర్రున చుట్టూ తిరిగిపోయాయి. విప్పాడు. కొన్ని నేల మీద పడ్డాయి. నాగక్క కూర్చుని ఒక్కొక్కటే ఏరింది.

"నేను పట్టాల్నా?"

"పట్టు. దారం గుంజినప్పుడు ఇడవాలనిపిస్తది. ఇడవకు."

ఆమె గోళ్లతో ఒత్తి పట్టుకుంది. దారం వదులుగా రెండు చుట్లు వేసి ఆయన మెల్లగా గుంజాడు. ఆమె కళ్లు వెంట్రుకల మీద లేవు, ఆయన చేతి మీద ఉన్నాయి.

"ఎప్పటి సంది గిట్ల?"

"రెండేండ్లాయె."

"ఆయనకు చెప్పలే."

"చెప్తే నన్ను అడిగేటోడు కాదు."

దారం బిగుసుకుంది. వెంట్రుకలు నిలిచాయి. ముడి వేసి, ముందు వైపు పొడుచుకొచ్చిన మొదళ్లను కత్తిరించి, జకర్యా దాన్ని ఆమెకు ఇచ్చాడు. ఆమె సత్తు గిన్నెలో నీళ్లు తెప్పించి అందులో వదిలింది. చుట్టూ ఉన్నవాళ్లు వంగి చూశారు. మునగలేదు.

"ఒక పక్కకు ఒరిగింది," అన్నాడు జకర్యా.

"తిట్టుకుంట పడతడులే," అంది నాగక్క. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వాగు వెంట నడిచేటప్పుడు బొజ్జయ్య గాలాన్ని తలగుడ్డకు గుచ్చుకునేవాడు, కుడి చెవికి పైన. జకర్యా మోకాళ్ల మీద కూర్చుని ఆ చోటే వెతికాడు. ఎండకు గుడ్డ వేడెక్కింది, కింద నుదురు మాత్రం చల్లగా ఉంది. రెండుసార్లు తప్పి, మూడోసారి ముల్లు గుడ్డలోంచి అవతలికి దిగింది.

"ఊడదు గదన్నా?" అంది నాగక్క.

మోసేవాళ్లు అప్పటికే లేచి దగ్గరికి వచ్చారు. జకర్యా ఆగమన్నట్టు చెయ్యెత్తి, పురుగును పట్టుకుని ఒకసారి లాగి చూశాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు.

"ఇగ లేపుండ్రి," అన్నాడు.