దుప్పటికి అవతలి కొస

ఆసుపత్రి బట్టలు ఉతికే గదిలో ఆమెను అందరూ మొండిఘటం అనేవారు. ఊరంతా మూలిగిన ఆ మాయదారి జ్వరాన్ని అందరికంటే ముందు తెచ్చుకుని, అందరికంటే ముందు లేచి పనిలోకి వచ్చింది మరి. టీకా మాటెత్తితే చాలు, "నాకు వచ్చి పోయింది. ఒంట్లోనే మందు తయారైంది, మళ్లీ సూదెందుకు?" అనేది. ఆ మాట పూర్తిగా అబద్ధమైతే ఏ గొడవా లేకపోయేది. కొంత నిజం ఉండబట్టే అందరం నమ్మాం.

ఆరిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి, దగ్గరికొచ్చి మడత కలపాలి. మడత మడతకీ ముఖాలు ఎదురెదురు. అందుకని తరచూ ఒంట్లో నలతగా ఉండేవాళ్లకు జ్వరం వచ్చి పోయినవాళ్లను జత వేసేవారు. అలా ఆమె ఎదుటికి సొంత తోడికోడలే వచ్చింది. ఆయాసం మనిషి. వాడే మందుల వల్ల టీకా వేసినా సరిగా పట్టదని డాక్టరు చెప్పాడు.

"నా కోసమైనా వేయించుకో అక్కా" అని బతిమాలింది.

"అంత భయమైతే నా మొహం చూడకు" అని నవ్వేసింది మొండిఘటం.

చలికాలంలో ఆమెకు ముక్కు కారింది, గొంతు గరగరలాడింది. జలుబుకి పని మానేస్తారా ఎవరైనా? ఆ తర్వాతి వారమే తోడికోడలు అదే మాయదారి జ్వరంతో మంచాన పడింది, మళ్లీ లేవలేదు.

మొండిఘటాన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు. అదే ఆమెను పీక్కుతింది. ఇప్పుడు ఎదురుగా ఎవరు నిలబడ్డా, దుప్పటి లాగేసరికి అవతలి కొస తోడికోడలి చేతుల్లోనే ఉన్నట్టుంటుంది. దగ్గరికి వెళ్లాలంటే కాళ్లు రావు. పట్టపగలు, పదిమంది మధ్య, చెవి పక్కనే ఆ ఆయాసం వినిపిస్తుంది.

చివరికి టీకాకు వెళ్లింది. భార్య పోయి ఒంటివాడైన మరిది తోడొచ్చి బల్ల మీద పక్కనే కూర్చున్నాడు.

"నీకు మళ్లీ రాదు కదా, నీ ఎదురుగా ఉంటే క్షేమమని నేనే మేస్త్రీని అడిగి దాన్ని నీకు జత వేయించాను వదినా. నా వంతు జాగ్రత్త నేను పడ్డాను కదా?" అన్నాడు.



నర్సు ఆమె జబ్బ మీద దూది రుద్దింది. "ఒకసారి వస్తే కొంత రక్షణ ఉంటుందమ్మా, ఎన్నాళ్లో చెప్పలేం. టీకాతో అది గట్టిపడుతుంది. మళ్లీ ఎప్పుడైనా వచ్చిందా?"

ఆమెకే తెలియదు. అప్పుడు పరీక్ష చేయించుకుంటే కదా. "లేదు" అనేస్తే సరిపోయేది.

"చలికాలంలో కాస్త జలుబు చేసింది" అంది.

నర్సు తలూపి సూది అందుకుంది.

"చలికాలంలో ఎప్పుడు వదినా?" అన్నాడు మరిది.